కార్మికుల నడుమ కవిగారు - మర్హూం మఖ్దూం మొహియుద్దీన్ జీవితం

మఖ్దూం మొహియుద్దీన్ గారి పేరు చెప్పగానే మనవాళ్ళకు ముందు గజళ్ళే గుర్తుకొస్తాయి. 1982లో వచ్చిన బాజార్ సినిమాలో వారి గజలు పాడారు. వారు కాలం చేసి అప్పటికి 13 ఏళ్ళు. అంతకు ముందు 1964లో చాచాచా సినిమాలోనూ వారి గీతం ఉంది. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళప్పుడు ఆ పాటలు వింటాము, వాహ్వా అంటాము. రాసినవారెవరని పిల్లలు అడిగితే పెద్ద షాయరని చెప్పి ఊరుకుంటాము.

ఆ మాట నిజమే గాని సగమే నిజం. మఖ్దూం గారు షాయరీకి ఇచ్చిన సమయం తక్కువ. జీవితంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, కూలీల గుడిసెల్లో, యూనియన్ ఆఫీసుల్లో, జైళ్ళలో గడిచిపోయింది. వారొక పార్టీ కార్యకర్త. పార్టీ కట్టటమంటే ఏమిటో, ఇటుక మీద ఇటుక పేర్చినట్లు దాన్ని ఎట్లా కట్టాలో తెలిసిన మనిషి. ఈ సంచికలో వారి గురించి రాయటానికి మాకు కారణం ఇదే.

మన మొహల్లాల్లో ఎన్నికలు వచ్చాయంటే మూడు వారాల పాటు పండగే. కుర్రాళ్ళు జెండాలు పట్టుకుని మోటారు సైకిళ్ళ మీద తిరుగుతారు. ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి ఎవరూ కనబడరు. తర్వాత నల్లా నీళ్ళు రాకపోయినా, ముసలమ్మకు పింఛను ఆగిపోయినా, బడిలో ఉర్దూ పంతులు పోస్టు ఖాళీగా ఉన్నా, మనల్ని ఎవరూ పట్టించుకోవటం లేదని మస్జిదు మెట్ల మీద కూర్చుని బాధపడతాము. రెండు ఎన్నికల మధ్య ఐదేళ్ళు మనం ఏం చేశామని మాత్రం ఎవరూ అడగరు. మఖ్దూం గారి జీవితం మనల్ని ఆ ప్రశ్న అడుగుతుంది.

బాల్యం

మఖ్దూం గారు 1908 ఫిబ్రవరి 4వ తేదీన ఆందోలులో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యంలోని మెదక్ జిల్లా. నేడు ఆందోలు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. వారి పూర్తి పేరు అబూ సయీద్ మహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ. తండ్రి గౌస్ మొహియుద్దీన్ గారు సర్కారు కచేరీలో చిన్న ఉద్యోగి. పిల్లవాడు ఊహ తెలియని వయసులో ఉండగానే తండ్రి చనిపోయారు. పినతండ్రి బషీరుద్దీన్ గారు చేరదీసి పెంచారు.

ఆ ఇంట్లో దీన్ ఉంది, క్రమశిక్షణ ఉంది. పిల్లవాడు ఖురాన్ చదివాడు, నమాజుకు పోయేవాడు. మస్జిదు ఊడ్చేవాడు, వుజూకు నీళ్ళు తోడిపెట్టేవాడు. ఈ సంగతి వారి జీవితం రాసిన వారంతా చెబుతారు. పినతండ్రి గారు ఇంట్లో లోకం సంగతులు మాట్లాడేవారట. రష్యాలో రాజును దించి బీదవాళ్ళు రాజ్యం చేస్తున్నారని, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారని చెప్పేవారట. మస్జిదులో ధనవంతుడూ కూలివాడూ ఒకే సఫ్‌లో నిలబడటం రోజూ చూసే పిల్లవాడికి ఆ మాట వింతగా తోచి ఉండదని మేము అనుకుంటాము.

చదువు కోసం హైదరాబాదు వచ్చిన తరువాత పడిన కష్టాలు అన్నీ ఇన్నీ కావు. ఉండటానికి ఇల్లు లేక మస్జిదులో పడుకున్నారు. పొట్ట గడవటానికి ట్యూషన్లు చెప్పారు, బొమ్మలు అమ్మారు. అట్లా కష్టపడే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పూర్తి చేశారు. ఉర్దూ మాధ్యమంలో పై చదువులు చెప్పిన విశ్వవిద్యాలయం అది. మా వంటి ఉర్దూ పంతుళ్ళకు దాని పేరు చెబితే నేటికీ గుండె ఉప్పొంగుతుంది.

ఉద్యోగం వదిలిన పంతులు

ఎం.ఏ. తరువాత మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీలో ఉర్దూ చెప్పే ఉద్యోగం దొరికింది. మస్జిదులో పడుకుని చదువుకున్న అనాథ పిల్లవాడికి కాలేజీలో కుర్చీ దొరకటమంటే మాటలా? ఇంట్లో భార్యాపిల్లలు ఉన్నారు. నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంది. ముషాయిరాలకు పోతే జనం చప్పట్లు కొడతారు. వేరొకరైతే అక్కడే స్థిరపడి, పింఛను తీసుకుని, హాయిగా కన్ను మూసేవారు.

మఖ్దూం గారు అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. రాజీనామా ఇచ్చి పార్టీలో పూర్తికాలపు కార్యకర్తగా చేరారు. ఈ మాట మన చదువరులకు కొంచెం వివరించాలి. పూర్తికాలపు కార్యకర్త అంటే ఉద్యోగం, వ్యాపారం ఏదీ పెట్టుకోకుండా, పార్టీ ఇచ్చే కొద్దిపాటి భత్యం మీద బతుకుతూ, పొద్దస్తమానం పార్టీ పనే చేసే మనిషి. అందులో పదవి లేదు. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో వయోజనులందరికీ ఓటు కూడా లేదు. కనుక ఎమ్మెల్యే అవుదామని ఎవరూ అందులో చేరరు.

1939 ప్రాంతంలో హైదరాబాదులో కొందరు చదువుకున్న యువకులు కామ్రేడ్స్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ, ఓంకార్ ప్రసాద్, రాజ్‌బహదూర్ గౌర్ వంటివారు అందులో ఉన్నారు. పేర్లు చూడండి, ముస్లిములూ హిందువులూ కలిసే ఉన్నారు. మఖ్దూం గారు వారిలో ముఖ్యులు. పుస్తకాలు చదవటం, లోకంలో జరుగుతున్నది చర్చించుకోవటం, చదివినదాన్ని పక్కవాడికి చెప్పటం - ఇంతే వారి పని. అటు తెలుగు జిల్లాల్లో ఆంధ్ర మహాసభలో పనిచేసే రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి వంటి వారు కూడా అదే దారిలోకి వచ్చారు. పట్నంలోని ఈ యువకులూ, పల్లెల్లోని ఆ రైతు నాయకులూ కలిసిన తరువాతే నిజాం రాజ్యంలో కమ్యూనిస్టు పార్టీ బలపడింది.

గేటు దగ్గర పని

యూనియన్ కట్టటం ఉపన్యాసంతో అయ్యే పని కాదు. షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడాలి. పదిమందిలో తొమ్మిదిమంది భయంతో తల వంచుకుని పోతారు. ఒక్కడు ఆగుతాడు. అతని ఇంటికి పోవాలి, చాయ్ తాగాలి, కూలి ఎంత, కోత ఎంత, మేస్త్రీ ఎట్లాంటివాడు అని అడగాలి. మాట్లాడటం కన్నా వినటం ఎక్కువ చేయాలి. నెలకింత చందా వసూలు చేసి, రసీదు రాసి, లెక్క పుస్తకంలో ఎక్కించాలి. చదువు రాని వాడికి అర్జీ రాసి పెట్టాలి. ఒకడిని పనిలోంచి తీసేస్తే అందరూ కలిసి అడిగేటట్లు చేయాలి. వారం వారం మీటింగు పెట్టాలి, నలుగురే వచ్చినా సరే.

మఖ్దూం గారు హైదరాబాదు రైల్వే పనివారిలో, సిగరెట్, బటన్ ఫ్యాక్టరీల కార్మికుల్లో ఇట్లాంటి పని ఏళ్ళ తరబడి చేశారు. ఎం.ఏ. చదివిన కాలేజీ పంతులు తమ పక్కన చాప మీద కూర్చుని, తమ కష్టాన్నే పాటగా కట్టి పాడుతుంటే ఆ కార్మికులు ఆయన్ను తమవాడనుకున్నారు. వారి మొదటి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా 1944లో అచ్చయింది. సభలో ఉపన్యాసానికి ముందు జనం పాటే అడిగేవారు. 1946 నాటికి హైదరాబాదు రాజ్యంలోని యూనియన్లన్నీ కలిసిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు వారే పెద్ద దిక్కు.

పల్లెల్లో కూడా ఇదే తీరు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుమును ఒక్క అణాకు తగ్గించింది. అణా ఇచ్చి చీటీ తీసుకున్న ప్రతివాడూ సంఘ సభ్యుడే. జనం దానికి చీటీల సంఘం అని పేరు పెట్టారు. వెట్టి చేసే కూలివాడి మొలలో ఆ చిన్న కాగితం ఉంటే, నేను ఒంటరివాణ్ణి కాను అన్న ధైర్యం ఉండేది. అణా పెద్ద డబ్బు కాదు, కాని తన అణా ఉన్న సంఘాన్ని మనిషి తేలికగా వదలడు. వేలు ఖర్చు పెట్టి మనల్ని లారీలో ఎక్కించుకుపోయే పార్టీకీ, మన దగ్గర అణా తీసుకుని చీటీ ఇచ్చే సంఘానికీ తేడా ఇదే.

మనవాళ్ళకు చెప్పటం కష్టమైన మాట

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. ఆ కాలంలో హైదరాబాదు ముస్లిములలో చాలామంది మఖ్దూం గారి మాట వినలేదు. రాజు మనవాడు, కనుక రాజ్యం మనది, ప్రతి ముసల్మానూ రాజ్యాధికారంలో భాగస్వామి అని ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వారు ప్రచారం చేస్తున్న రోజులవి. వినటానికి ఎంతో ఇంపుగా ఉండే మాట. మఖ్దూం గారు దానికి ఎదురు నిలబడ్డారు. జాగీర్దారు ముసల్మానైనా, దేశముఖు హిందువైనా దోచేది ఒకే తీరున; రిక్షా తొక్కే ముసల్మాను ఏ రాజ్యానికీ రాజు కాడు; అతని కష్టసుఖాలు పక్క గుడిసెలోని మాదిగవానితో, గొల్లవానితో ముడిపడి ఉన్నాయి - ఇదీ వారి వాదం. పల్లెలో దేశముఖు మీద కోర్టులో పోరాడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఒక బీద ముసల్మాను గదా. ఆయన కథనే తరువాత మా భూమి నాటకంగా తెలుగు పల్లెల్లో ఆడారు.

సొంత కౌముకు నచ్చని మాట చెప్పటం కన్నా కష్టమైనది లేదు. పరాయివాణ్ణి తిడితే చప్పట్లు పడతాయి, మనవాణ్ణి సరిదిద్దబోతే గద్దారు అంటారు. ఆ రోజుల్లో అది ప్రాణాల మీదకు వచ్చే పని. ఇమ్రోజ్ పత్రిక సంపాదకులు షోయబుల్లాఖాన్ గారిని 1948 ఆగస్టులో రజాకార్లు హతమార్చిన సంగతి అందరికీ తెలిసినదే.

1946లో నిర్బంధం పెరిగి అరెస్టు వారంట్లు రావటంతో మఖ్దూం గారు అజ్ఞాతంలోకి వెళ్ళారు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి గార్లతో కలిసి నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చారు. ఆ పోరాటంలో సుమారు 3,000 గ్రామాలు సంఘం చేతికి వచ్చాయని, 10 లక్షల ఎకరాలు బీదలకు పంచారని పుచ్చలపల్లి సుందరయ్య గారు తమ గ్రంథంలో రాశారు. తెలంగాణ పేరుతోనే మఖ్దూం గారు రాసిన గీతం ఉర్దూ తెలిసిన ప్రతి ఊళ్ళో పాడుకున్నారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం లొంగిపోయారు. తరువాత మరాఠ్వాడ, కర్ణాటక ప్రాంతపు జిల్లాల్లో మనవాళ్ళకు జరిగినది మన ఇళ్ళలో ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ గార్ల బృందం తమ నివేదికలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. రాజ్యం మనదే అని బీదవాణ్ణి నమ్మించినవారు ఆ పూట వానికి అడ్డం నిలబడలేకపోయారు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాను వెళ్ళిపోయాడు. పొలాల్లో, వాడల్లో మిగిలింది మన బీదలే.

ఇది పాత గాయాన్ని గిల్లటానికి రాయటం లేదు. ఇంపైన నినాదం ఇచ్చేవాడు వేరు, కష్టకాలంలో పక్కన ఉండేవాడు వేరు. ఆ తేడా తెలుసుకోవటానికి మన పెద్దలు చాలా పెద్ద వెల చెల్లించారు. మన పిల్లలు మళ్ళీ చెల్లించకూడదు.

హుజూర్‌నగర్ ఇచ్చిన తీర్పు

కొత్త ప్రభుత్వం వచ్చినా కమ్యూనిస్టుల మీద నిర్బంధం ఆగలేదు. మఖ్దూం గారు 1951లో అరెస్టయ్యారు. ఆ ఏడు అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించి ఎన్నికల దారి పట్టింది. పార్టీ మీద హైదరాబాదు రాజ్యంలో నిషేధం ఇంకా ఉండటంతో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేసి, 1952 ఎన్నికల్లో శాసనసభలో 42 స్థానాలు గెలిచింది. రావి నారాయణరెడ్డి గారికి నల్లగొండలో నెహ్రూ గారి కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి.

అదే 1952లో జరిగిన ఉప ఎన్నికలో మఖ్దూం గారు నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. హుజూర్‌నగర్ నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్నది.

ఈ విషయం దగ్గర కొంచెం ఆగి ఆలోచించండి. పోలీసు చర్య జరిగి నాలుగేళ్ళే అయింది. రజాకార్ల పేరు వింటే తెలుగు పల్లెల్లో ఇంకా మండిపడే కాలం. అటువంటి చోట ఒక ముస్లిం, ఉర్దూ కవి, పట్నం మనిషి నిలబడితే ఓటర్లు గెలిపించారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే హిందూ రైతులు, కూలీలు. వారెవరూ మఖ్దూం గారి మతం చూడలేదు. వెట్టి ఆపటానికి, భూమి దక్కించుకోవటానికి తమతో నిలబడిన సంఘం మనిషి అని చూశారు. పదేళ్ళుగా ఊరూరా చీటీలు రాసి, మీటింగులు పెట్టి, దెబ్బలు తిన్న పేరు తెలియని కార్యకర్తల పని ఆ ఓట్ల పెట్టెలో కనిపించింది. ఒక్కరోజు ఉపన్యాసంతో ఆ నమ్మకం వచ్చేది కాదు.

తరువాత వారు ఆంధ్రప్రదేశ్ శాసన మండలి సభ్యులై, అక్కడ ప్రతిపక్ష నాయకులుగా పనిచేశారు. సోవియట్ యూనియన్, చైనా, యూరపు దేశాలు తిరిగి వచ్చారు. 1964లో పార్టీ రెండుగా చీలినప్పుడు సి.పి.ఐ.లోనే ఉండిపోయారు. ఇన్ని పనుల మధ్య 1961లో గుల్-ఎ-తర్, 1966లో బిసాత్-ఎ-రక్స్ సంపుటాలు వచ్చాయి. బిసాత్-ఎ-రక్స్‌కు 1969 సాహిత్య అకాడమీ అవార్డు లభించింది. సభలో సభ్యులైనా, నలుగురు కూర్చుని చాయ్ తాగే చోటే వారికి ఇష్టం.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అప్పటికి వారి వయసు 61 సంవత్సరాలు. మయ్యత్తును హైదరాబాదు తెచ్చి, నాంపల్లిలోని హజ్రత్ షా ఖామోష్ దర్గా ఖబరస్తానులో దఫను చేశారు. హైదరాబాదు హిమాయత్‌నగర్‌లోని సి.పి.ఐ. కార్యాలయానికి మఖ్దూం భవన్ అని పేరు. ట్యాంక్‌బండ్ మీద తెలుగు మహనీయుల వరుసలో వారి విగ్రహం కూడా ఉన్నది.

మనం నేర్చుకోవలసినది

మన పెద్దలలో కొందరు మమ్మల్ని అడగవచ్చు, దీన్ గల సొసైటీ సంచికలో కమ్యూనిస్టు జీవితం దేనికని. సబబైన ప్రశ్నే. వారి సిద్ధాంతంతో మాకూ పేచీ ఉంది. వారి నడవడిలో మనం ఒప్పుకోలేనివి కూడా ఉన్నాయి. మనిషికీ అల్లాహ్‌కూ మధ్య ఉన్న లెక్క చూడటం మన పని కాదు. మస్జిదు ఊడ్చిన పిల్లవాడు పెద్దయి కూలివాడి గుడిసె ముందు కూర్చున్నాడు. ఆకలిగొన్న పొరుగువాణ్ణి పట్టించుకోమని మన దీన్ చెప్పిన మాటను ఆ మనిషి, తన దారిలోనైనా, చేసి చూపించాడు. నమాజు ఒక్కటీ విడవని మనం మన వీధి చివర గుడిసెకు ఎన్నిసార్లు పోయామో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకోవాలి.

మన సొసైటీ ఏ పార్టీకీ చెందినది కాదు. ఫలానా పార్టీలో చేరండని మేము చెప్పటం లేదు. ఏ పార్టీలో చేరినా అందులో జెండా మోసే కూలీగా కాక సభ్యులుగా ఉండండని చెబుతున్నాము. చీటీ మీద మీ పేరు ఉండాలి. వార్డు కమిటీ మీటింగు ఎప్పుడో మీకు తెలిసి ఉండాలి. అక్కడ లేచి నిలబడి మన బడి సంగతి, మన కాలువ సంగతి అడగాలి. పక్క బస్తీ హిందూ సోదరుని కాలువ సంగతి కూడా అడగాలి. అప్పుడే మన మాటకు ఆయన చెయ్యి ఎత్తుతాడు. మన ఆడపిల్లలు కూడా చదువుకుంటున్నారు, అర్జీ రాయటం వారికి మగపిల్లల కన్నా బాగా వచ్చు. వారిని వెనక కూర్చోబెట్టకండి. ఓటర్ల జాబితాలో పేరు ఉన్నదో లేదో ఎన్నికల ముందు రోజు కాదు, ఇప్పుడే చూసుకోండి.

ఇదంతా విసుగు పుట్టించే పని. ఫోటో రాదు, దండ పడదు. నలుగురే వచ్చిన మీటింగులో కూర్చోవటం ఎంత కష్టమో మన సొసైటీ నెలసరి సమావేశాలకు వచ్చే కొద్దిమందికీ బాగా తెలుసు. ఆ కొద్దిమంది వల్లనే మన విద్యార్థుల ఫీజులు కడుతున్నాము, మన బీదల మయ్యత్తులకు కఫన్ ఇస్తున్నాము.

ఎప్పుడైనా హైదరాబాదు పోతే నాంపల్లి స్టేషనులో దిగినవారు షా ఖామోష్ దర్గా దాకా నడవండి. ఆ ఖబరు దగ్గర ఫాతిహా చదవండి. వారి గజలు రాగం తీసి పాడగలిగితే సంతోషమే. తిరిగి వచ్చాక మీ వీధిలో ఒక తలుపు తట్టి, లోపలివారి కష్టం పది నిమిషాలు విని రండి. మర్హూం గారికి అదే అసలైన యాదగారు అని మా నమ్మకం. అల్లాహ్ వారిని క్షమించుగాక, మన పిల్లలకు పనిచేసే చేతులను ప్రసాదించుగాక. ఆమీన్.